బెజవాడ నుంచి నాసిక్ వైనరీలకు: తక్కువ ఖర్చుతో, తీరిగ్గా

మనవాళ్లు నాసిక్ అంటే త్ర్యంబకేశ్వరం, షిర్డీ చూసుకుని వచ్చేస్తారు, కానీ ఊరి బయట గంగాపూర్ డ్యామ్ వైపు వెళ్తే ద్రాక్ష తోటల మధ్య వైనరీలు, అంటే వైన్ తయారుచేసే చోట్లు, ఉన్నాయి. సికింద్రాబాద్ వెళ్లి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నాసిక్ రోడ్ స్టేషన్‌లో దిగొచ్చు.

జనవరి నుంచి మార్చి వరకు ద్రాక్ష కోతలు, అప్పుడే వెళ్లండి. జనవరి 26 మాత్రం వద్దు, డ్రై డే, ఆ రోజు మద్యం అమ్మరు. శని, ఆదివారాల్లో సులా అనే పేరున్న వైనరీ దగ్గర జనం ఎక్కువ, అందుకే వారం మధ్యలో వెళ్లి, దగ్గర్లోనే ఉన్న యార్క్, సోమా లాంటి చోట్ల నిదానంగా కూర్చోండి. రోజుకి రెండు చాలు, మూడోదానికి నాలుక మొద్దుబారుతుంది. గ్లాసులు, బాటిళ్లు కొనకుండా టేస్టింగ్ తీసుకోండి, నాలుగైదు రకాలు కొంచెం కొంచెం పోస్తారు. గ్లాసు తిప్పి, వాసన చూసి, ఒక గుక్క నోట్లో కాసేపు ఉంచండి. నచ్చకపోతే పక్కనున్న గిన్నెలో పారబోయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

మన గుంటూరు కారం అలవాటైన నోటికి షిరాజ్ లాంటి ఎర్ర వైన్ మంటను ఇంకా పెంచుతుంది, కాస్త తీపున్న షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ చల్లగా తాగితే హాయిగా ఉంటుంది, నా ఓటు దానికే.

వయసు 21 దాటాలి, ఐడీ కార్డు మర్చిపోవద్దు. బండి మీరు నడపొద్దు, ఇందులో మొహమాటం లేదు, నలుగురు కలిసి రోజంతటికీ క్యాబ్ మాట్లాడుకోండి. బయల్దేరే ముందు కడుపునిండా తినండి.