కొండ కింద పరుగు: తిరుపతిలో దారి ఎలా ఎంచుకోవాలి

తిరుపతిలో పరుగు మొదలుపెట్టాలనుకునే వాళ్లు ముందుగా నన్ను అడిగేది ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తాలని. మీరు ఎన్ని గంటలకు ఇల్లు దాటుతారని నేను అడుగుతాను. మనది శేషాచలం అడవిని ఆనుకుని ఉన్న ఊరు. కొండవైపు రోడ్డు చీకట్లో ఒకలా, తెల్లారాక ఇంకోలా ఉంటుంది. ఇక్కడ దారిని వెలుగును బట్టి ఎంచుకోవాలి. ఆరేళ్ల నుంచి ఈ ఊళ్లో పరిగెత్తుతున్నాను, నాకు తెలిసిందంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది.

నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఇల్లు ఎం.ఆర్.పల్లి. వంట, క్యారియర్లు అన్నీ పూర్తిచేసి ఎనిమిదిన్నరకల్లా స్కూల్లో ఉండాలి. పరుగుకి మిగిలేది పొద్దున ఒక గంట. జూన్‌లో మనకు ఐదూ ముప్పావుకే సూర్యుడు వస్తాడు, జనవరిలో ఆరూ నలభై దాకా రాడు. దాదాపు గంట తేడా. అందుకని రెండు దారులు పెట్టుకున్నాను, ఒకటి చీకటి దారి, ఇంకోటి వెలుగు దారి. మీరూ ముందు ఆ రెండూ ఖాయం చేసుకోండి. కిలోమీటర్ల సంగతి తర్వాత.

చీకటి దారిలో వీధి దీపాలుండాలి, మనుషులుండాలి, పాల ప్యాకెట్ల అంగడి తెరిచి ఉండాలి. కొత్తవాళ్లకు ఊరి మధ్యలో ఉన్న ప్రకాశం పార్కు చాలా మంచిది. అక్కడ వేగంగా పరిగెత్తడం కుదరదు, నడిచే పెద్దవాళ్లు ఎక్కువ. మొదటి నెలలో మనకు వేగంతో పని లేదు కాబట్టి అదీ మంచిదే. పార్కు దూరమైతే మీ వీధే చాలు. నేను కరెంటు స్తంభాలతో మొదలుపెట్టాను. ఒక స్తంభం నుంచి రెండో స్తంభం దాకా పరుగు, తర్వాత రెండు స్తంభాల దూరం నడక. మొత్తం ఇరవై నిమిషాలు, వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామం. రెండు వారాలయ్యాక రెండు స్తంభాలు పరుగు, రెండు నడక. అలా పెంచుకుంటూ పోతే రెండు నెలల్లో ఆగకుండా పావుగంట పరిగెత్తగలిగాను.

ఎంత వేగంగా పోవాలో తెలియడానికి వాచీ అక్కర్లేదు. నేను పరిగెత్తుతూనే పదమూడో ఎక్కం పైకి చెప్పుకుంటాను. పదమూడొకట్ల పదమూడు, పదమూడు రెళ్లు ఇరవై ఆరు, పదమూడు మూళ్లు ముప్పై తొమ్మిది. ఒక్కో వరస ఒక్క ఊపిరిలో వస్తే వేగం సరిపోయినట్టు. 'పదమూడు' దగ్గరే ఊపిరి తెగిపోతే తగ్గించాలి. మొదటి రెండు నెలలు ఈ హద్దు దాటకండి. మోకాలి నొప్పితో మానేసిన నా స్నేహితులు ఇద్దరున్నారు, ఇద్దరూ మొదటి వారంలోనే పందెంలా పరిగెత్తినవాళ్లు.

తర్వాతి మెట్టు ఎస్వీ యూనివర్సిటీ క్యాంపస్. 1954లో మొదలైన యూనివర్సిటీ కదా, చెట్లు బాగా పెరిగాయి. మే నెలలో కూడా ఏడింటిదాకా నీడ దొరుకుతుంది. తారకరామ స్టేడియం వైపు పొద్దున్నే పిల్లలు ప్రాక్టీసుకు వస్తారు, మనుషుల అలికిడి ఉంటుంది. క్యాంపస్‌లో కిలోమీటర్ల లెక్క కోసం ఒకే పెద్ద చుట్టు కంటే చిన్న చుట్టు రెండుమూడు సార్లు తిరగడం మంచిది. ఒంట్లో బాగాలేకపోతే గేటు ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటుంది. నీళ్ల బాటిల్ ఒకచోట పెట్టేసుకోవచ్చు. అయితే ఇక్కడ కూడా చిరుత కనిపించిందని ఈ మధ్య ఏళ్లలో వార్తలు వచ్చాయి. అలాంటి వార్త వచ్చిన వారం నేను ఊళ్లోకి మారిపోతాను. క్యాంపస్‌లో పొదలున్న పక్కకి ఎప్పుడైనా సరే తెల్లారాకే.

ఇక నా ప్రాణంలాంటి దారి, ఆదివారం దారి. అలిపిరి నుంచి జూపార్కు మీదుగా చెర్లోపల్లి వైపు పోయే రోడ్డు. ఎడమపక్క ఊరు, కుడిపక్క కొండ. కొండ మీద ఎండ పడుతున్నప్పుడు ఆ ఎర్రరాయి రంగు నిమిషం నిమిషం మారుతుంది. నెమలి అరుపు దగ్గర్లోనే వినిపిస్తుంది. ఆ రోడ్డు మీద పరిగెత్తిన ఆదివారం తర్వాత వారమంతా నా గొంతులో విసుగు ఉండదని మా పిల్లలే అంటారు.

ఈ దారికి ఒక చిక్కు ఉంది. రోడ్డు మీద పరిగెత్తేవాళ్లు ఎదురొచ్చే బండి కనిపించేలా కుడిపక్కన పోవాలి. కానీ అలిపిరి నుంచి వెళ్లేటప్పుడు కుడిపక్క అంటే అడివి పక్కే. చీకట్లో అలా పోతే బండి నుంచి తప్పించుకున్నా పొద పక్కన ఉంటాం. పూర్తిగా వెలుగొచ్చేదాకా ఆగడం తప్ప దీనికి వేరే మందు లేదు. రోడ్డు అవతలి గట్టు మీద గడ్డిపరకలు విడివిడిగా కనిపిస్తే వెలుగు వచ్చినట్టు. నా కొలత అదే.

ఈ కొలత నాకు ఒక డిసెంబరు పొద్దున వచ్చింది. ఐదున్నరకే టార్చి పట్టుకుని ఈ రోడ్డెక్కాను. బైకు మీద వచ్చిన ఒక పెద్దాయన ఆపి, "యాడికమ్మా ఈ చీకట్లో? వెలుతురొచ్చినాక రాండి" అన్నాడు. కోపమొచ్చింది, అయినా వెనక్కి వచ్చి అలిపిరి దగ్గర టీ తాగుతూ కూర్చున్నాను. తెల్లారాక అదే చోటుకి పోతే రోడ్డు వారన మట్టి పెళ్లలు పెళ్లలుగా లేచి ఉంది. చేత్తో ముట్టుకుంటే లోపలి మట్టి ఇంకా చల్లగా, తడిగా ఉంది. అడివిపందులు తవ్వి అప్పటికి ఎంతోసేపు కాలేదు. నేను పరిగెత్తాలనుకున్నది సరిగ్గా ఆ అంచు మీదే.

చిరుత గురించి స్పష్టంగా చెప్పాలి. 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాట మీద ఆరేళ్ల పాప చిరుత దాడిలో చనిపోయింది. చిరుత పొట్టిగా కనిపించేవాళ్ల మీదకే ఎక్కువగా వస్తుంది. కాబట్టి పిల్లల్ని ఈ దారికి తీసుకురావద్దు. పెద్దవాళ్లు కూడా పొద పక్కన కూర్చుని లేసు కట్టుకోవద్దు. లేసు ఊడితే రోడ్డు అవతలికి పోయి, కాలు ఏదైనా గట్టు మీద పెట్టి కట్టుకోండి. చెవుల్లో పాటలు పెట్టుకోవద్దు. ఇద్దరు ముగ్గురు కలిసి, మాట్లాడుకుంటూ పోండి. చిరుత ఎదురుపడితే పరిగెత్తవద్దు, వీపు చూపించవద్దు. చేతులు పైకెత్తి, గట్టిగా అరుస్తూ, మెల్లగా వెనక్కి నడవాలి.

నిజం చెప్పాలంటే రోజూ ఎదురయ్యేవి కుక్కలు. కుక్క వెంటపడితే పరుగు ఆపేసి నడవండి, దాదాపు ఎప్పుడూ అది కూడా ఆగిపోతుంది. ఒకవేళ కరిస్తే, చిన్న గీత పడినా సరే, పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. అదే రోజు వెళ్లి రేబీస్ టీకా మొదలుపెట్టాలి. పసుపు, సున్నం రాయొద్దు. కోతులకైతే చేతిలో అరటిపండు కనిపించకుండా ఉంటే చాలు.

తిరుమల మెట్ల మీద పరిగెత్తొచ్చా అని కుర్రవాళ్లు అడుగుతుంటారు. అలిపిరి వైపు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు వైపు 2,388. అది గోవిందా అనుకుంటూ నడిచేవాళ్ల దారి. మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కే ఆడవాళ్ల పక్కనుంచి చెమటతో దూసుకుపోవడం నాకు నచ్చదు. నెలకోసారి ఎక్కండి, తొడలకు మంచి బలం వస్తుంది, కానీ నడవండి. దిగేటప్పుడు బస్సులో రండి, మోకాళ్లకు సుఖం.

బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. కాలి బొటనవేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. నా మొదటి జత, అంగట్లో "వాడగా వాడగా సాగుతాయి మేడం" అంటే నమ్మి తీసుకున్నాను. నెల తిరక్కుండా రెండు గోళ్లు నల్లబడి ఊడిపోయాయి. మనవైపు తారు రోడ్డు అంచున సన్న గులకరాళ్లు పేరుకుపోయి ఉంటాయి, వాటి మీద కాలు పడితే గోళీల మీద పడినట్టే జారుతుంది. అడుగు భాగం నున్నగా అరిగిపోయిన బూట్లతో ఈ రోడ్డెక్కవద్దు.

ఎండాకాలం 40 డిగ్రీలు దాటే రోజుల్లో పొద్దున ఆరింటికే ఉక్క మొదలవుతుంది. ఏప్రిల్, మేలలో నేను దూరం సగానికి తగ్గిస్తాను. ముందు అరగ్లాసు నీళ్లు, వచ్చాక ఉప్పేసిన మజ్జిగ, కాసేపాగి రాగిజావ. ఆదివారం తిరిగొచ్చేటప్పుడు ఎండ సరిగ్గా ఎదురొస్తుంది కాబట్టి టోపీ ఉండాలి. తల తిరిగినా, చెమట ఆగిపోయి ఒళ్లు మండినా అక్కడే నీడలో ఆగి ఎవరికైనా ఫోన్ చేయండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలు. 2021 నవంబరులో కొండ మీద నీళ్లు ఊళ్లోకి ఎలా వచ్చాయో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. రాత్రి గట్టిగా వాన పడితే మర్నాడు కొండవైపు రోడ్డు వదిలేయండి. కపిలతీర్థం జలపాతం హోరు రోడ్డు మీదికి వినిపిస్తుందంటే రాళ్లు, మట్టి కిందికి జారే రోజులు కూడా అవే. రోడ్డుకి అడ్డంగా పారే నీళ్లు మడమల దాకే ఉన్నా దాటొద్దు, కింద తారు ఉందో లేదో పైనుంచి తెలియదు. ఆ రోజులకు మళ్లీ వీధి, కరెంటు స్తంభాలు. బూట్లు తడిస్తే ఎండలో పెట్టకండి, జిగురు ఊడిపోతుంది. లోపల పాత పేపరు కుక్కి ఫ్యాను కింద పెట్టి, గంటకోసారి పేపరు మార్చండి.