నిపుణుల సర్వే సూచీ తేడా కొడుతోందా? లెక్క ముట్టుకునే ముందు జాబితా చూడండి

దేశంలో పరిశోధన, ఇన్నోవేషన్ వ్యవస్థ ఎలా నడుస్తోందో అందులో పనిచేసేవాళ్లనే ఏటా అడిగి తెలుసుకునే సర్వేలకు సంబంధించిన మరమ్మతు నోట్ ఇది. ఉదాహరణగా జపాన్ 'తెయితెన్' సర్వేను తీసుకుందాం. అక్కడి విద్య, విజ్ఞాన శాఖ కింద ఉన్న నిస్టెప్ సంస్థ దీన్ని నడుపుతుంది. ఆ దేశపు ఐదేళ్ల శాస్త్ర సాంకేతిక ప్రణాళికలతో జతగా 2006-10, 2011-15, 2016-20, 2021-25 అని ఐదేళ్ల చక్రాలుగా సాగింది. ఒక ప్రణాళిక కాలమంతా అవే ప్రశ్నలు, వీలైనంతవరకు అవే మనుషులు. జవాబు 1 నుంచి 6 వరకు ఉన్న మెట్లలో ఒకటి, లేదంటే 'తెలియదు'. పోయినేటి జవాబు కళ్ల ముందే ఉంటుంది. దాన్ని మారిస్తే ఎందుకు మార్చారో రాయమంటారు.

ఈ పద్ధతి చూసి తామూ ఒక ప్యానెల్ (ఏటా జవాబులు అడిగే అదే మనుషుల జాబితా) నడుపుదామనుకునేవారికి వచ్చే చిక్కులు దాదాపు ఎప్పుడూ ఇవే. సూచీ (జవాబుల సగటును 0-10 మీద చూపే అంకె) అటో ఇటో కదలగానే అందరూ సగటులో ఎవరి జవాబుకు ఎంత బరువు ఇవ్వాలో మార్చడానికి, గణాంక పరీక్షలు పెట్టడానికి పరుగెత్తుతారు. జవాబిచ్చిన మనుషులు వాళ్లేనా అన్నది మాత్రం చూడరు.

లక్షణం: సగటు అసంభవంగా ఉంది, లేదా పోయినేటితో పొంతన లేదు

ముందు కనిష్ఠం, గరిష్ఠం చూడండి. 6 మెట్ల జవాబును 0-10 సూచీగా మార్చే సూత్రం తేలికైనదే: జవాబులోంచి 1 తీసేసి 2తో గుణించాలి. 1 అంటే 0, 2 అంటే 2, 6 అంటే 10. ఎక్కడైనా మైనస్ 2 కనిపిస్తే 'తెలియదు' అన్నదాన్ని ఎవరో 0గా నింపారని అర్థం. 12 కనిపిస్తే 7గా నింపారు. ఆ గడులు ఖాళీగా ఉండాలి, సగటులోకి రాకూడదు. 'తెలియదు' అన్నవారి శాతాన్ని మాత్రం పక్కన విడిగా వేయండి. స్టార్టప్‌ల గురించి ప్రయోగశాలలో కూర్చున్న పరిశోధకుణ్ని అడిగితే ఆ శాతం పెరుగుతుంది, అదీ ఒక సమాచారమే.

ఇంకో పొరపాటు: ఒక పట్టికలో ముడి సగటు (1-6 మెట్ల మీదే వేసినది), ఇంకో పట్టికలో సూచీ. 3.4 ముడి సగటు అంటే సూచీలో 4.8. ఈ రెండూ పక్కపక్కన పెట్టి 'పెరిగింది' అని రాసిన నివేదికలున్నాయి. వేరే సర్వేలతో పోల్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. ప్రపంచ ఆర్థిక వేదిక కార్యనిర్వాహకులను అడిగే అభిప్రాయ సర్వేది 1-7 మెట్ల కొలత, అడిగేదీ వేరే రకం మనుషులను.

లక్షణం: బొమ్మ మారింది, అంకె మారలేదు

తెయితెన్ నివేదికల్లో సూచీ పక్కన ఎండ, మబ్బు, వాన, ఉరుము బొమ్మలుంటాయి. 5.5 దాటితే సమస్య లేదని, 4.5-5.5 మధ్య ఉంటే దాదాపు సమస్య లేదని, అంతకు దిగితే సరిపోవడం లేదని లెక్క. 4.52 కాస్తా 4.48 అయితే బొమ్మ మారుతుంది, పత్రికలో వార్త వస్తుంది, అసలు విషయం ఏమీ ఉండదు. జవాబుల ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ అవి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 2 అనుకుంటే 25 మంది ఉన్న గ్రూపు సగటులో ప్రామాణిక దోషం (సగటు దానంతటదే ఎంత ఊగగలదో చెప్పే అంకె) 0.4. 400 మంది ఉంటే 0.1. చిన్న గ్రూపులో 0.3 కదలికకు కారణాలు వెతకడం వృథా. బొమ్మ వేయాలనుకుంటే వేయండి, పక్కనే ఎంతమంది పెంచారో, ఎంతమంది తగ్గించారో కూడా వేయండి. పది మంది పెంచి పది మంది తగ్గించినా, ఎవరూ కదలకపోయినా సగటు ఒకటే చూపిస్తుంది.

లక్షణం: సూచీ అస్సలు కదలడం లేదు (లేదా ఎవరూ ఊహించని వైపు కదిలింది)

దెబ్బతీసేది ఇదే. సూచీ పడిపోతే నలుగురు అడుగుతారు. కదలకుండా ఉంటే 'స్థిరంగా ఉంది' అని రాసి వదిలేస్తారు.

కారణం చాలాసార్లు ఒకటే: కోడ్ నంబరు మనిషికి కాకుండా కుర్చీకి ఇచ్చారు. విశ్వవిద్యాలయ అధ్యక్షులు, పరిశోధన సంస్థల అధిపతులు, కంపెనీల్లో పరిశోధన విభాగం చూసేవాళ్లు లాంటివారిని పదవిని బట్టే ఎంచుకుంటారు. పదవిలో మనిషి మారితే ఆ ఫారం కొత్తవారికి పోతుంది. షీటులో కోడ్ అదే, సంస్థ పేరు అదే, గ్రూపు అదే. రెండేళ్ల ఫైళ్లు కోడ్ మీద కలిపితే నూటికి నూరూ చక్కగా జతపడతాయి. అందరూ పాతవారే అనుకుంటాం. అద్దె ఇంటి మీటరు నంబరు చూసి ఆ కుటుంబం కరెంటు వాడకం పెరిగిందనడం లాంటిదే ఇది.

ఇది లెక్కలో ఏం చేస్తుందో చూడండి. 100 కుర్చీలున్నాయి. పోయినేడు సగటు 4.8, ఈ ఏడూ 4.8. ఇప్పుడు మనుషుల్ని విడదీయండి. 80 మంది నిజంగా పాతవారు: వాళ్ల సగటు పోయినేడు 4.6, ఈ ఏడు 4.4. మిగతా 20 కుర్చీల్లో వెళ్లిపోయినవారి సగటు 5.6, వచ్చినవారిది 6.4. 80 మంది తలా 0.2 తగ్గారు, 20 కుర్చీలు తలా 0.8 పెరిగాయి, రెండూ సరిగ్గా చెల్లిపోయాయి. వ్యవస్థలో ఉన్నవాళ్లు పరిస్థితి దిగజారిందంటున్నారు, మీ నివేదిక స్థిరంగా ఉందంటోంది.

కొత్తగా పదవిలోకి వచ్చినవారు ఎక్కువ వేయడం వింతేమీ కాదు. ఇంకా పగ్గాలు చేతికి వచ్చిన ఉత్సాహంలోనే ఉంటారు, పైగా తమ సంస్థను తాము తక్కువ చేసి చెప్పుకోరు. కొన్ని చోట్ల ఇందుకు తలకిందులుగానూ జరుగుతుంది: ముందున్నవారి మీద నెపం వేయడానికి మొదటి ఏడాది తక్కువ వేసి, తర్వాత పెంచుకుంటూ పోతారు. ఏ వైపు పోయినా అది వ్యవస్థలో వచ్చిన మార్పు కాదు, చూసే కళ్లు మారడం.

ఇంకో పోటు కూడా ఉంది. కోడ్ కుర్చీది కాబట్టి ఫారంలో 'మీ పోయినేటి జవాబు' అని ముందున్నవారి జవాబు కొత్తవారికి కనిపిస్తుంది. కొందరు దాన్నే ఉంచేస్తారు, అప్పుడు వచ్చిన జవాబు ఎవరిదో చెప్పలేం. కొందరు అన్నీ మార్చి కారణాల గడిలో ఏదో ఒకటి రాస్తారు, అవి 'అభిప్రాయం మారడానికి కారణాలు' అనే పట్టికలోకి ఎక్కుతాయి. ఈ లెక్కల గొడవ అటుంచండి, రహస్యంగా ఉంచుతామని మాటిచ్చి తీసుకున్న జవాబును ఇంకొకరికి చూపించేశాం.

ఇప్పటికే చేతిలో ఉన్న డేటాలో దీన్ని పట్టుకోవడం ఇలా:

1. ప్రతి వరసలో ఎన్ని ప్రశ్నల జవాబులు మారాయో లెక్కపెట్టండి. పాత జవాబు ఎదురుగా ఉన్నప్పుడు నిజమైన పాతవారు ఎక్కువ ప్రశ్నలు ముట్టుకోరు. సగానికి మించి మారిన వరసలను, రెండు మెట్లకు మించి గెంతిన జవాబులు చాలా ఉన్న వరసలను పక్కకు తీయండి.
2. కారణాల గడి చదవండి. 'అప్పుడు నేను ఈ బాధ్యతలో లేను' అని సూటిగా రాసినవారే దొరుకుతారు. ఈ గడిని ఎవరూ చదవరు, అదే విచిత్రం.
3. పక్కకు తీసిన కుర్చీల్లో ఎవరు ఎప్పటి నుంచి ఉన్నారో సంస్థ వెబ్‌సైటులో చూడండి. జపాన్‌లో ఆర్థిక, విద్యా సంవత్సరాలు రెండూ ఏప్రిల్‌లో మొదలవుతాయి, బదిలీలు, కొత్త నియామకాలు ఎక్కువగా అప్పుడే. శరదృతువులో సర్వే జరిగితే వాళ్లకు నిండా ఏడాది అనుభవం కూడా ఉండదు.

బాగుచేయడానికి షీటులో రెండు వేర్వేరు నిలువు వరసలు పెట్టండి: ఒకటి కుర్చీ కోడ్, ఒకటి మనిషి కోడ్. కుర్చీ కోడ్ ఎప్పటికీ మారదు, మనిషి మారితే కొత్త మనిషి కోడ్. ఫారం మొదటి పేజీలో, పాత జవాబులేవీ తెరవక ముందే, ఒక్క ప్రశ్న: 'పోయినసారి జవాబులిచ్చింది మీరేనా?' కాదంటే ఖాళీ ఫారం తెరుచుకోవాలి, మార్పుకు కారణాలు అడగకూడదు. దాని వెంటే ఇంకో ప్రశ్న: 'ఈ ఫారం మీరే నింపుతున్నారా, మీ కార్యాలయం నింపుతోందా?' అధ్యక్షుడి పేరు మీద ప్రణాళికా విభాగం ఉద్యోగి నింపే ఫారాలు తక్కువేమీ ఉండవు. అక్కడ పేరు మారకపోయినా చెయ్యి మారుతుంది.

తర్వాత ప్రతి ప్రశ్నకూ నాలుగు అంకెలు వేయండి: కొనసాగినవారి పోయినేటి సగటు, ఈ ఏటి సగటు, వెళ్లిపోయినవారి పోయినేటి సగటు, వచ్చినవారి ఈ ఏటి సగటు. ప్రస్తుత స్థాయి చెప్పడానికి అందరి సగటు వాడండి. మార్పు చెప్పడానికి కొనసాగినవారి సగటు తప్ప ఇంకోటి వాడొద్దు. పై ఉదాహరణలోలాగా వెళ్లిపోయినవారు (5.6), ఉండిపోయినవారు (4.6) పోయినేడే వేర్వేరుగా ఉంటే ఆ సంగతి నివేదికలోనే రాయాలి, ఎందుకంటే మిగిలినవారు అందరికీ ప్రతినిధులు కారు.

ఒక చిక్కు మిగులుతుంది. ఏటా నూటికి పది మంది పోతుంటే ఐదో విడతకు మొదటివాళ్లలో 66 మందే ఉంటారు. ఐదు విడతలూ ఇచ్చినవారినే పట్టుకుంటే గుంపు చిన్నదవుతుంది, ఓపిక ఉన్నవారే మిగులుతారు. పక్కపక్క విడతలను జతలుగా తీసుకుని, ఒక్కో జతలో కొనసాగినవారి మార్పును వరసగా కూడుకుంటూ పోవడం మేలు. ఐదింటికీ జవాబిచ్చినవారి గీతను కూడా పక్కన గీసి చూడండి. రెండూ ఒకే వైపు పోతుంటే సరే. విడిపోతుంటే ఏ ఏడాది విడిపోయాయో, ఆ ఏడాది ఎవరు మానేశారో వెతకాలి.

దీనికి ఎదురుగా ఉండే సమస్య: మనిషి అదే, గ్రూపు మారింది. నిస్టెప్ విశ్వవిద్యాలయాలను పరిశోధన పత్రాల్లో వాటి వాటాను బట్టి గ్రూపులు చేస్తుంది. 5 శాతం, ఆపైన వాటా ఉన్న మొదటి గ్రూపులో తొహొకు, టోక్యో, క్యోటో, ఒసాకా నాలుగే. చిన్న విశ్వవిద్యాలయం నుంచి ఒకరు వీటిలో ఒకదానికి మారితే ఆయన అసంతృప్తి కూడా ఆయనతో పాటే వస్తుంది, లేదా అక్కడికి రాగానే పోతుంది. గ్రూపు పేరును ప్రతి విడతకూ విడిగా నమోదు చేయండి. ఆ జతలో గ్రూపు మారినవారిని గ్రూపుల మార్పు లెక్కలోంచి తీసేయండి.

మన దగ్గర ఇలాంటి ప్యానెల్ పెడితే ఇదంతా ఇంకా ముదురుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో వైస్ చాన్సలర్ పదవీకాలం మూడేళ్లు. ఐదేళ్ల చక్రంలో చాలా కుర్చీల్లో కనీసం ఒకసారి మనిషి మారతారు. మధ్యలో ఇన్‌ఛార్జీలు కూడా వస్తారు. 2024లో తెలంగాణలో పదవీకాలాలు ముగిశాక ఐఏఎస్ అధికారులే ఇన్‌ఛార్జి వీసీలుగా ఉన్నారు. ఆ నెలల్లో వచ్చిన జవాబును ఏ ఖాతాలో వేస్తారు? ఇన్‌ఛార్జి అయితే ఆ విడతకు కుర్చీ ఖాళీ అని రాసి, ఆ విశ్వవిద్యాలయం నుంచి పరిశోధన డీన్ లాంటి ఇంకో కుర్చీని మొదటి నుంచే ప్యానెల్‌లో ఉంచుకోవడం నయం.

లక్షణం: కొత్త ప్రణాళిక మొదటి ఏడాదిలో అన్నీ గెంతాయి

అది గెంతు కాదు, తెగిన తీగ. మనుషులు కొత్తవారు, ప్రశ్నలు కొన్ని కొత్తవి, ముందు చూసుకోవడానికి పాత జవాబు లేదు. 2015, 2016 చుక్కలను గీతతో కలపకండి. తప్పదంటే మారని ప్రశ్నలను తీసుకుని, పాత ప్యానెల్‌లో కొంతమందిని కొత్తదానిలోనూ ఉంచి, వాళ్ల వరకే పోల్చండి.

లక్షణం: అభిప్రాయం ఒకటి, బడ్జెట్ పట్టిక ఇంకోటి చెబుతున్నాయి

సాధారణంగా ఇందులో తప్పేమీ ఉండదు. జపాన్ జాతీయ విశ్వవిద్యాలయాలు 2004లో స్వతంత్ర కార్పొరేషన్లయ్యాక వాటి నిర్వహణ గ్రాంటు ఏటా సుమారు 1 శాతం చొప్పున చాలా ఏళ్లు తగ్గింది, పోటీపడి తెచ్చుకునే నిధుల వాటా పెరిగింది. మొత్తం డబ్బు చూస్తే పెద్ద తేడా కనిపించకపోవచ్చు. ప్రయోగశాలలో రోజువారీ ఖర్చుకు చేతిలో ఏముందని అడిగితే వేరే జవాబు వస్తుంది. ప్రశ్న ఏ డబ్బు గురించో చూసి, బడ్జెట్‌లో సరిగ్గా ఆ పద్దుతోనే పోల్చండి.

అరుదైనవి

కావాలని అందరూ కూడబలుక్కుని తక్కువ వేయడం, సర్వర్ జవాబులు తారుమారు చేయడం, అనువాదంలో అర్థం తలకిందులు కావడం లాంటివి జరగవని కాదు. మనిషి కోడ్ సరిచూశాక కూడా తేడా మిగిలితే అప్పుడు వీటి సంగతి చూడొచ్చు.

ఇప్పటికే అచ్చయిన నివేదికల్లో కుర్చీ కోడ్ పొరపాటు బయటపడితే పాత స్థాయి అంకెలు అలాగే ఉంచండి, అవి ఆ ఏడు జవాబిచ్చినవారి నిజమైన సగటులే. 'పోయినేటితో మార్పు' అనే నిలువు వరస మాత్రం మొత్తం తీసేసి, కొనసాగినవారి లెక్కతో కొత్తగా వేయండి. ఎంతమందిని బట్టి వేశారో ప్రతి గడి కింద రాయండి.