యూకేలో నర్సు రిజిస్ట్రేషన్: ఫైలు ఎక్కడ ఆగింది, ఎలా కదిలించాలి

బీఎస్సీ నర్సింగో జీఎన్‌ఎమ్మో చేసి యూకే వెళ్దామనుకునేవాళ్ళు ముందు పరీక్షల గురించి బెంగ పెట్టుకుంటారు. పరీక్షలు కష్టమే. కానీ పరీక్ష పోతే పోయిందని తెలుస్తుంది, మళ్ళీ రాసుకోవచ్చు. కాగితాల దగ్గర ఆగిన ఫైలు మాత్రం ఆగిందన్న సంగతే చెప్పదు. అందుకే ఏ ఇబ్బంది వచ్చినా ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గరుంది? మీ దగ్గరా, మన రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లోనా, లండన్‌లోని నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్లోనా, లేక మిమ్మల్ని తీసుకుంటున్న ఆస్పత్రి హెచ్‌ఆర్ దగ్గరా? ఈ లండన్ కౌన్సిల్‌ను అందరూ ఎన్‌ఎంసీ అంటారు. ఢిల్లీలో డాక్టర్ల వ్యవహారం చూసే ఎన్‌ఎంసీ వేరు, నెట్‌లో వెతికేటప్పుడు రెండూ కలిసిపోతాయి, చూసుకోండి.

సమస్య: పాస్‌పోర్టులో ఒక పేరు, సర్టిఫికెట్లలో ఇంకో పేరు

కారణం: మన ఇంటిపేర్లే. టెన్త్ మెమోలో కొండపల్లి లక్ష్మీప్రసన్న అని ఉంటుంది. నర్సింగ్ సర్టిఫికెట్లో కె. లక్ష్మీ ప్రసన్న. పెళ్ళయ్యాక తీసుకున్న పాస్‌పోర్టులో భర్త ఇంటిపేరు చేరుతుంది. స్వాతి, అనిత లాంటి పేర్లకైతే ఇంగ్లీషు స్పెల్లింగులో ఒకచోట హెచ్ ఉంటుంది, ఇంకోచోట ఉండదు. మన ఆఫీసుల్లో చూసీ చూడనట్టు వదిలేసే తేడాలివి. అక్కడ ఫైలు చూసేవాళ్ళకు మాత్రం ఆ లక్ష్మీ ఈ లక్ష్మీ ఒకరేనని ఎవరైనా కాగితం మీద చెప్పాలి.

పరిష్కారం: పాస్‌పోర్టునే ఆధారంగా పెట్టుకోండి. ఇంగ్లీషు పరీక్ష, సీబీటీ (కంప్యూటర్ మీద రాసే నర్సింగ్ పరీక్ష), ఎన్‌ఎంసీ అప్లికేషన్, అన్నీ అందులో ఉన్న అక్షరాలతోనే బుక్ చేయండి. సీబీటీ సెంటర్లో బుకింగ్ పేరూ పాస్‌పోర్టు పేరూ కలవకపోతే లోపలికే పంపరు, కట్టిన ఫీజూ పోతుంది. ఇంటిపేరు పెళ్ళితో మారిందా? మ్యారేజ్ సర్టిఫికెట్ పెట్టండి. ఇనీషియల్ విడదీసి రాయడమో స్పెల్లింగో అయితే, రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ రాయించి, కుదిరితే స్టేట్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో కూడా సరిచేయించండి. పెళ్ళి కుదిరినవాళ్ళకు నా సలహా: పిన్ నంబర్ (ఎన్‌ఎంసీ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు) వచ్చేదాకా పాస్‌పోర్టులో పేరు జోలికి పోకండి. అత్తగారింట్లో ఎవరైనా తొందరపెడితే ఈ మాట చదివి వినిపించండి.

సమస్య: మనవైపు కౌన్సిల్ నుంచి వెరిఫికేషన్ వెళ్ళడం లేదు

కారణం: మూడు చోట్ల ఇరుక్కోవచ్చు. ఒకటి, 2014 విభజనకు ముందు ఉమ్మడి కౌన్సిల్లో రిజిస్టరై, ఇప్పుడు తెలంగాణలో ఉంటున్నవాళ్ళు. పాత రికార్డు ఒకచోట, మనిషి ఇంకోచోట. రెండు, బెంగళూరులో చదివి కర్ణాటక కౌన్సిల్లో రిజిస్టరై తర్వాత ఇక్కడికి వచ్చినవాళ్ళు. ఎన్ఓసీ తెచ్చుకుని బదిలీ పూర్తిచేశారా, మధ్యలో వదిలేశారా అన్నది వాళ్ళకే గుర్తుండదు. మూడు, రెన్యువల్ గడువు దాటిపోవడం.

పరిష్కారం: ఈ వివరాలు కౌన్సిల్ నేరుగా ఎన్‌ఎంసీకి పంపాలి. మీరు స్కాన్ చేసి పంపిన కాపీ ఎంత స్పష్టంగా ఉన్నా లెక్కలోకి రాదు. కాబట్టి అప్లికేషన్ తెరవకముందే రెన్యువల్ చేయించుకోండి, ఏ కౌన్సిల్లో మీ పేరు ఇప్పుడు సజీవంగా ఉందో తేల్చుకోండి. దరఖాస్తు ఇచ్చాక రసీదు నంబరు, పంపిన తేదీ, ఏ ఈమెయిల్ నుంచి వెళ్ళిందో అడిగి రాసిపెట్టుకోండి. ‘పంపేశామమ్మా’ అన్న మాటతో వెనక్కి రావద్దు.

సమస్య: ఇంగ్లీషులో అన్నీ వచ్చి రైటింగ్ దగ్గర ఆగిపోవడం

ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్‌లకు 7, రైటింగ్‌కు 6.5 కావాలి. ఓఈటీలో (ఆరోగ్య రంగంవాళ్ళ కోసం పెట్టే ఇంగ్లీషు పరీక్ష) ఆ మూడింటికీ బి, రైటింగ్‌కు సి ప్లస్.

కారణం: ఐఈఎల్‌టీఎస్‌లో కోచింగ్ సెంటర్ బట్టీ పట్టించిన వాక్యాలు, ఏ ప్రశ్నకైనా అదే మొదలు, అదే ముగింపు. ఓఈటీలో అయితే కేస్ నోట్స్ మొత్తం ఉత్తరంలోకి దించేయడం. ఆ ఉత్తరం ఎవరికి రాస్తున్నామో, వాళ్ళకు ఏం కావాలో చూడకుండా రాస్తే మార్కులు అక్కడే పోతాయి.

పరిష్కారం: వార్డులో హ్యాండోవర్ (డ్యూటీ మారేటప్పుడు రోగుల వివరాలు అప్పజెప్పడం) ఇచ్చిన అనుభవం ఉన్నవాళ్ళకు ఓఈటీ దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. రెండుసార్లు రాసిన ఫలితాలను కలిపి చూపించే వెసులుబాటు కూడా ఉంది: రెండూ ఒకే రకం పరీక్ష అయ్యుండాలి, మధ్య వ్యవధి 12 నెలలు దాటకూడదు, ఏ సారీ ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో 6కి, మిగతావాటిలో 6.5కి తగ్గకూడదు. ఇప్పటికే యూకేలో కేరర్‌గా (రోగులకూ వృద్ధులకూ సాయపడే పనిలో) పనిచేస్తున్న మన నర్సులు చాలామందే ఉన్నారు. అర మార్కుతో తప్పినవాళ్ళకు పనిచేసే చోటి మేనేజర్ ధ్రువీకరణ పెట్టే పద్ధతిని 2023లో తెచ్చారు. గత రెండేళ్ళలో కనీసం ఏడాది అక్కడి ఆరోగ్య, కేర్ రంగంలో పనిచేసి ఉండాలి, సంతకం పెట్టేవాళ్ళు ఎన్‌ఎంసీలో రిజిస్టరైన వాళ్ళయి ఉండాలి.

సమస్య: సీబీటీ పోయింది

ఇందులో రెండు భాగాలు. లెక్కల భాగంలో 15 ప్రశ్నలు, అరగంట. క్లినికల్ భాగంలో 100 ప్రశ్నలు, రెండున్నర గంటలు. లెక్కల్లో పోయేది ఎక్కువగా మైక్రోగ్రాములు, మిల్లీగ్రాముల మార్పిడి దగ్గర. క్లినికల్‌లో పోయేది, ఇక్కడ సీనియర్ సిస్టర్ ఏం చేస్తుందో అదే టిక్ పెట్టడం వల్ల. రోగి వద్దంటే బంధువుల్ని అడగడం ఇక్కడ మామూలు. అక్కడ రోగి సమ్మతే ముఖ్యం, దానికి 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం ఉంది. నర్సులు ఎలా నడుచుకోవాలో చెప్పే ఎన్‌ఎంసీ ‘కోడ్’ ఉచితంగా దొరుకుతుంది, గైడు పుస్తకం కొనేముందు అది చదవండి. పోయిన భాగం మాత్రమే మళ్ళీ రాస్తే చాలు.

సమస్య: పని బాగా వచ్చినా ఓస్కీలో (పని చేసి చూపించే ప్రాక్టికల్ పరీక్షలో) ఫెయిల్

కారణం: మనం మాట్లాడకుండా పనిచేస్తాం. ముప్పైమంది ఉన్న వార్డులో ఒక్కొక్కరికీ చేసే పని వివరించే తీరిక ఎక్కడుంది? ఓస్కీలో పరీక్షకులు మార్కు వేసేది కంటికి కనిపించినదానికీ చెవికి వినిపించినదానికీ మాత్రమే. మనసులో చెక్ చేసుకున్న అలర్జీకి సున్నా.

పరిష్కారం: మొత్తం 10 స్టేషన్లు, అంటే పరీక్షలో ఒక్కొక్క భాగం. రోగి ఉన్న ప్రతి స్టేషన్లోనూ చేతులు శుభ్రం చేసుకోవడం, మీ పేరు చెప్పడం, రోగి పేరూ పుట్టినతేదీ అడిగి చేతి బ్యాండ్‌తో పోల్చడం, అలర్జీలు అడగడం, సమ్మతి తీసుకోవడం, అన్నీ నోటితో చెబుతూ చేయండి. ఇంట్లో తమ్ముణ్ణి పడుకోబెట్టి ఫోన్లో రికార్డు చేసుకుని చూస్తే ఎక్కడ మౌనంగా ఉండిపోతున్నారో మీకే తెలుస్తుంది. రాతలో తప్పు దొర్లితే దిద్దకండి, ఒక్క గీత కొట్టి తేదీ, సమయం, సంతకం పెట్టండి. గుండె ఆగిన స్టేషన్లో ‘కోడ్ బ్లూ’ అని అరవడం కాదు, అక్కడి ఆస్పత్రుల ఎమర్జెన్సీ నంబరు 2222కి ఫోన్ చేయమని చెప్పాలి.

ఫీజు 794 పౌండ్లు, సాధారణంగా ఆస్పత్రే కడుతుంది. ఏడు స్టేషన్లలోపు పోతే అవే మళ్ళీ చేస్తే చాలు, ఫీజూ సగమే. ఎనిమిది దాటితే మొత్తం మళ్ళీ. ఒక అప్లికేషన్‌కు మూడు అవకాశాలు, మూడోదీ పోతే ఆరు నెలలు ఆగాలి. ఈ ఆరు నెలలే అసలు ప్రమాదం: ఉద్యోగంలో చేరిన 12 వారాల్లోపు మొదటిసారి ఓస్కీ రాయాలి, 8 నెలల్లోపు రిజిస్ట్రేషన్ పూర్తి కావాలి అని వీసా నిబంధన. రెండోసారి పోయిందంటే ఆ రోజే హెచ్‌ఆర్‌తో మాట్లాడండి.

సమస్య: ఏజెంటు ఉద్యోగానికి డబ్బు అడుగుతున్నాడు

అక్కడి అంతర్జాతీయ నియామకాల నియమావళి ప్రకారం అభ్యర్థి దగ్గర నియామక ఫీజు తీసుకోకూడదు. ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ) యాజమాన్యాల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ ఎంప్లాయర్స్ నైతిక ఏజెన్సీల జాబితా పెడుతుంది, పేరు అందులో ఉందో లేదో చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి.

సమస్య: ఓస్కీ పాసయ్యారు, జీతం ఇంకా బ్యాండ్ 4లోనే

బ్యాండ్ అంటే ఎన్‌హెచ్‌ఎస్ జీతం స్థాయి, రిజిస్టరైన నర్సుకు 5. పాస్ కాగానే పిన్ దానంతట అది రాదు. పోర్టల్లో చివరి డిక్లరేషన్ పూర్తిచేసి రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలి. పిన్ వచ్చిన రోజే రిజిస్టర్లో మీ పేరున్న పేజీని హెచ్‌ఆర్‌కు మెయిల్ చేసి, బ్యాండ్ 5 ఏ తేదీ నుంచో రాతపూర్వకంగా అడగండి. కొన్ని ఆస్పత్రులు పిన్ తేదీ నుంచి, కొన్ని అంతకు ముందు నుంచే లెక్కకట్టి ఇస్తాయి. అది మీ ఆఫర్ లెటర్లో ఉంటుంది.