మన పేట ముంపు, మన లెక్క – పాఠం 5: ముందు కాలువ కొన చూడండి

నాలుగో పాఠంలో మీ పేటలోకి ఎంత మేర నుంచి నీళ్లు దిగుతాయో మ్యాపు మీద గీశారు. ఈసారి ఆ గీతల మీద పనులు ఎంచుకోవడం నేర్చుకుందాం. చెన్నై కార్పొరేషన్‌ ఇంజినీరు బల్ల మీద ఉండే ప్రశ్నే ఇది: కాలువ వెడల్పు చేయాలా, పూడిక తీయాలా, చెరువు తవ్వాలా, పంపు పెట్టాలా?

లెక్కకు ఒక ఊహా పేట. దక్షిణ చెన్నై లోతట్టు తీరు, 20 హెక్టార్లు, అంతా సిమెంటూ తారూ. పేట వాన నీటి కాలువ 1.2 మీటర్ల వెడల్పు, 800 మీటర్ల పొడవు, వాలు వెయ్యికి ఒకటి.

వచ్చే నీరు: పారిపోయే వాటా (0.8) × గంటకు వాన (50 మిల్లీమీటర్లు) × హెక్టార్లు (20) ÷ 360. సెకనుకు 2.2 ఘనపు మీటర్లు, అంటే 78 క్యూసెక్కులు. ఇక్కడ చాలామంది తప్పుతారు. రోజంతా కురిసిన వానను 24తో భాగించి ఆ అంకె వేస్తారు. 2015 డిసెంబరు 1న తాంబరంలో కురిసిన సుమారు 49 సెంటీమీటర్లను అలా భాగిస్తే గంటకు 20 మిల్లీమీటర్లే వస్తుంది. వాన అలా సమంగా పడదు. పేట కొసన పడ్డ చుక్క కాలువ కొనకు చేరడానికి పట్టే సమయం ఎంతో (ఇంత పేటకు 20, 30 నిమిషాలు) అంతసేపు కురిసే గట్టి వాన తీవ్రతే తీసుకోవాలి.

మోసే నీరు: నీటి అడ్డుకోత వైశాల్యాన్ని (వెడల్పు × నీటి లోతు) తడిసిన చుట్టుకొలతతో (అడుగు, రెండు గోడల తడిసిన మేర) భాగించి, దాని 2/3 ఘాతాన్ని వాలు వర్గమూలంతో గుణించి, గరుకు సంఖ్యతో (కాంక్రీటుకు 0.015) భాగిస్తే వేగం వస్తుంది. వేగాన్ని వైశాల్యంతో గుణించండి. నీరు మీటరు లోతున పారితే మన కాలువ సెకనుకు 1.3 ఘనపు మీటర్లు మోస్తుంది. అడుగున 30 సెంటీమీటర్ల పూడిక ఉంటే 0.83. లోతులో మూడో వంతు కూడా పోలేదు, మోసే శక్తిలో మూడో వంతుకు పైగా పోయింది! పూడిక అడుగును ఎత్తు చేస్తుంది, దానితోపాటు వేగాన్నీ తగ్గిస్తుంది.

ఇంతవరకూ ఏ పుస్తకంలోనైనా దొరికేదే. చెన్నైలో అసలు చిక్కు కొనలో ఉంది. వేళచ్చేరి వైపు నీళ్లు వీరాంగల్ ఓడై అనే వాగు గుండా పళ్ళికరణై చిత్తడి నేలకు, అక్కడి నుంచి ఒక్కియం మడువు అనే పాయ మీదుగా బకింగ్‌హాం కాలువకు, ఆపైన ముట్టుకాడు దగ్గర సముద్రానికి. వాటిలో ఏది నిండినా మన కాలువ నోరు మునుగుతుంది. సముద్రం పోటు మీద ఉంటే మరీ కష్టం. 800 మీటర్లకు మన కాలువ దిగేది 80 సెంటీమీటర్లే కదా. కొనలో నీటిమట్టం 60 సెంటీమీటర్లు లేచిందనుకోండి, మిగిలే దింపు 20. వాలు నాలుగో వంతుకు పడిపోతే వేగం సగమవుతుంది.

అందుకే ప్రతి పనినీ రెండుసార్లు తూచాలి: కొన తెరిచి ఉన్న రోజున ఒకసారి, మూసుకున్న రోజున, అంటే ఇలా వేగం సగమైన రోజున, ఇంకోసారి. కాలువను 2 మీటర్లకు వెడల్పు చేస్తే తెరిచిన రోజు 2.66 మోస్తుంది, సమస్యే లేదు. మూసుకున్న రోజు 1.33. అంటే ఊడ్చి శుభ్రంగా ఉంచిన పాత కాలువ మామూలు రోజున మోసేదానికి సమానం. అంత ఖర్చూ పెట్టి!

మూసుకున్న రోజున గంటసేపు అదే వాన పడి, మిగులు నీరు పల్లంలోని 3 హెక్టార్లలో నిలిచిందనుకుందాం.

ఏమీ చేయకపోతే (30 సెంటీమీటర్ల పూడిక అలాగే ఉంటే): 22 సెంటీమీటర్లు.
వెడల్పు చేస్తే: 11.
పూడిక తీసి, పల్లంలోనే ఎకరం చెరువులో మీటరు ఖాళీ ఉంచితే (4,000 ఘనపు మీటర్లు): 5 చిల్లర.

22కూ 5కూ తేడా ఏమిటంటారా? గుమ్మం దాటి లోపలికి రావడానికీ, రోడ్డు మీద ఆగడానికీ ఉన్నంత తేడా. అయితే చెరువుకు ఒక షరతు ఉంది. మర్నాడు అదే వాన వచ్చేసరికి చెరువు నిండే ఉంటే లెక్క 19కి వెళ్తుంది. ఈశాన్య రుతుపవనాల్లో వాన మీద వాన మామూలే కనుక, ఒక రోజులో చెరువును ఖాళీ చేసే పంపు పనిలో భాగమే. 3 మీటర్ల ఎత్తుకు తోడాలంటే 5 హెచ్‌పీ పంపు చాలు. చెరువు లేకుండా మిగులు నీటినంతా వాన పడుతుండగానే తోడెయ్యాలంటే 100 హెచ్‌పీ దాటుతుంది. చెరువు మనకు సమయం కొనిస్తుంది, ఆ సమయమే పంపును చిన్నది చేస్తుంది. ఎదురు నీరు లోపలికి రాకుండా కాలువ నోటికి ఇనుప తలుపు కూడా కావాలి. పోటు వేళ అది మన నీటినీ ఆపేస్తుంది, కనుక చెరువు లేని చోట తలుపు ఒక్కటే పెట్టకండి.

ఇంకుడు గుంతల సంగతి మట్టి చెబుతుంది. తిరువాన్మియూర్, సాంథోం వంటి ఇసుక నేలల్లో బాగా ఇంకుతాయి. వేళచ్చేరి, గిండీల కింద రాయి, టి.నగర్, అన్నానగర్‌ల కింద బంకమన్ను. కార్తీకానికి భూగర్భజలం పైకి వచ్చేశాక ఇక ఇంకేదెక్కడ? గుంతలు నీటి కరువుకు మేలే, ముంపు ఖాతాలో మాత్రం వాటిని తక్కువ వేసుకోండి.

చివరి జల్లెడ కాగితాలది. వీధి కాలువలు కార్పొరేషన్‌వి, నదులూ బకింగ్‌హాం కాలువా రాష్ట్ర జలవనరుల శాఖవి. మీ కాలువ కొన ఎవరి చేతిలో ఉందో వాళ్ల ఒప్పుదల లేని పని జాబితాలో ఉండకూడదు. దిగువ పేటను ముంచే పని అసలే వద్దు.

అభ్యాసం: మీ పేట కాలువ వెడల్పు, పూడిక మందం కొలిచి కొన తెరిచిన రోజుకూ, మూసుకున్న రోజుకూ లెక్క కట్టండి. కొలత ఎండ రోజునే, మూత తెరవకుండా సందులోంచి కడ్డీ దింపి తీయండి. లోపలికి దిగవద్దు, విషవాయువు ఉంటుంది. గత పాఠం అభ్యాసంలో అడిగింది: ఐదేళ్లకోసారి వచ్చే వాన పదేళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం ఎంత? జవాబు 89 శాతం. ఏటా రాకపోయే అవకాశం 0.8, దాన్ని పదిసార్లు గుణిస్తే 0.107. ఆరో పాఠంలో ముంపు లోతును రూపాయల్లోకి మారుద్దాం.