పాలు పొంగించడానికి ముందురోజే గ్యాస్, కరెంటు సరిచూసుకోండి

రాజమండ్రి, భీమవరం, అమలాపురం... ఎక్కడైనా ఇదే తీరు. తొలిసారి అద్దెకు దిగేవాళ్లు ముహూర్తానికి పది నిమిషాల ముందు గ్యాస్ బండ బిగించి, ఆ హడావిడిలోనే పాలు పెట్టేస్తారు. అలా చేయకూడదు. ముందురోజు సాయంత్రం వెలుతురు ఉండగానే బిగించాలి.

ముందు కరెంటు. సర్వీసు ఇంటివారి పేరునే ఉండనివ్వండి. పాత బిల్లు అడిగి, బాకీ లేదని చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. బాకీ సర్వీసు నంబరుకే అంటుకుని ఉంటుంది. పాతవాళ్లు ఎగ్గొట్టి పోయినా ఫ్యూజు పీకేది మీ ఇంటికే. మీటరు తెర మీద అంకెలు మారుతుంటాయి. వాటిలో కేడబ్ల్యూహెచ్ (kWh, అంటే వాడిన యూనిట్లు) అని చూపించేదాన్ని ఫోటో తీసి ఇంటివారికి వాట్సాప్‌లో పంపండి. తర్వాత మీ వాటాలోని ఎంసీబీలన్నీ (ఫ్యూజుల బదులు ఉండే స్విచ్చులు) దించి, మీటరు మీది చిన్న ఎర్ర లైటును ఐదు నిమిషాలు గమనించండి. అది మిణుకుమంటే ఇంకెవరి లైనో మీ మీటరుకు తగిలించి ఉంది. ఎక్కువగా అది మెట్ల లైటో, బోరు మోటారో అయ్యుంటుంది. యూనిట్లు పెరిగి పై స్లాబులో పడితే రేటూ పెరుగుతుంది కాబట్టి మొహమాటపడకుండా ఆరోజే అడగండి.

గ్యాస్ కనెక్షన్ వేరే ఊళ్లో ఉంటే బండ, రెగ్యులేటరు అక్కడి ఏజెన్సీకి అప్పగించి ట్రాన్స్‌ఫర్ వోచరు (కనెక్షన్ మార్చుకునే కాగితం) తెచ్చుకోండి. కొత్తగా తీసుకునేవాళ్లకు ఆధార్, అద్దె ఒప్పందం కావాలి. పైపు ఐఎస్ఐ గుర్తున్న నారింజ రంగు సురక్షా పైపే కొనండి, మీటరున్నర మించకూడదు.

ఇక అసలు పని, బిగింపు. బండ మెడ దగ్గర బి-27 లాంటి గుర్తు ఉంటుంది. ఏ అంటే జనవరి-మార్చి, బి అంటే ఏప్రిల్-జూన్, అలా డి దాకా. 27 అంటే 2027. బండను మళ్లీ పరీక్షించాల్సిన గడువు అది. ఆ గడువు దాటిన బండను వెనక్కి పంపేయండి. మూత తీసి వాల్వులోకి చూడండి. లోపల నల్ల వాషరు పగుళ్లు లేకుండా ఉండాలి. చాలా లీకులకు ఈ వాషరే కారణం. తర్వాత వాల్వు నోట్లో నాలుగు చుక్కల నీళ్లు వేయండి. బుడగలొస్తే పిన్ను లీకవుతోందన్నమాట, మూత పెట్టేసి ఏజెన్సీకి చెప్పండి. బుడగలు లేకపోతే నీళ్లు తుడిచేసి, రెగ్యులేటరు ఆఫ్‌లో ఉంచి, దాని కింది నల్ల రింగును పైకి లాగి పట్టుకుని వాల్వు మీద నిలువుగా నొక్కి వదలండి. టక్కుమనాలి. పైకి లాగితే ఊడి రాకూడదు.

స్టవ్ నాబులు మూసి రెగ్యులేటరు ఆన్ చేయండి. సబ్బు నురగను మూడుచోట్ల రాయండి: వాల్వు మీది అతుకు, పైపు రెగ్యులేటరుకు ఎక్కినచోట, స్టవ్‌కు ఎక్కినచోట. ఒక్కోచోట అర నిమిషం కన్నార్పకుండా చూడండి. అగ్గిపుల్లతో మాత్రం ఎప్పుడూ పరీక్షించొద్దు. వాసన చూస్తే చాలనేవాళ్లున్నారు కానీ చిన్న లీకు నిలబడ్డ మనిషి ముక్కుకు అందకపోవచ్చు. మన డెల్టా బావుల్లోంచి వచ్చే సహజవాయువు గాలికన్నా తేలిక, పైకి పోతుంది. బండలోది బరువు, నేలబారున పేరుకుంటుంది. వానకు కిటికీలు మూసిన రాత్రి అది పోయే దారే ఉండదు.

బుడగ కనిపిస్తే రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, ఏ స్విచ్చునూ వేయడం గానీ ఆపడం గానీ చేయకుండా బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి.

రాత్రికి రెగ్యులేటరు ఆఫ్ చేసి పడుకోండి. తెల్లారి ముందు వంటగది కిటికీ తెరిచి, నేలకు వంగి వాసన చూసి, అప్పుడు లైటు వేయండి.