దండి కుదిరితేనే బేస్ పలుకుతుంది

ఎలక్ట్రిక్ బేస్ గిటార్‌ను సొంతంగా చేయాలని కూర్చున్నవారు చాలామంది ముందుగా దాని ఒంటి ఆకారం గీస్తారు. కొమ్ములు ఎంత పొడవుండాలి, రంగు ఏది వేయాలి అన్న ఆలోచనతోనే వారాలు గడిచిపోతాయి. అందులో తప్పు లేదు గాని, వాద్యం బతికేది ఒంటిలో కాదు, మెడలో. వీణ చేసేవారు దండి అని పిలిచే ఆ భాగాన్నే నేనిక్కడ కూడా దండి అంటాను. శ్రుతి చేసిన నాలుగు తీగలు కలిసి సుమారు 80 కిలోల బలంతో దానిని రాత్రింబగళ్లు లాగుతూ ఉంటాయి. ఆ లాగుడుకు వెంట్రుకవాసి కంటే ఎక్కువ వంగని దండిని, వేళ్లతో తీగ నొక్కే మెట్లకు సరైన చోట గాడులు కోసిన పలకను తయారు చేయగలిగితే, మిగిలిన పని ఓపిక ఉన్న ఏ వడ్రంగికైనా సాధ్యమే.

మొదటిసారి చేసేవారు 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్ నిర్మాణాన్నే అనుసరించాలని నా గట్టి సలహా. అందులో దండి వేరు, ఒళ్లు వేరు. రెండింటినీ నాలుగు స్క్రూలతో బిగిస్తారు. దండి చెడితే దండినే మళ్లీ చేసుకోవచ్చు, ఒళ్లు వృథా కాదు. తల దగ్గర తీగలు ఆనే నట్టు నుంచి ఒంటి మీద అవి ఆనే బ్రిడ్జి దాకా తీగ పొడవు 34 అంగుళాలు, అంటే 863.6 మిల్లీమీటర్లు. ఈ కొలతకు సరిపోయే తీగలు, బ్రిడ్జిలు, బిరడలు తేలికగా దొరుకుతాయి. ఈ భాగాలన్నీ చేతికి వచ్చాకే కలప మీద గీత పెట్టండి. కాగితం మీది కొలతకూ చేతిలోని వస్తువుకూ ఒక మిల్లీమీటరు తేడా ఉండడం మామూలే.

కలప విషయంలో విదేశీ మేపుల్ కోసం వెతకనక్కరలేదు. దండికి ముదురు టేకు చేవ బాగా పనికివస్తుంది. బొబ్బిలి వీణలకు వాడే పనస ఒంటికి చక్కగా సరిపోతుంది. ఉలికి లొంగుతుంది, మరీ బరువుండదు, పాలిష్ పడితే బంగారు ఛాయ తేలుతుంది. మెట్ల పలకకు ఇరుగుడు, అంటే రోజ్‌వుడ్, చేవ కావాలి. అడితిలో పలక ఎంచుకునేటప్పుడు కొస వైపు తిప్పి వలయాలను చూడండి. దండిలో ఆ గీతలు మెట్ల పలకకు లంబంగా నిలబడి ఉండాలి, నార కొస నుంచి కొసకు నేరుగా సాగాలి, కన్ను, అంటే కొమ్మ ముడి, ఒక్కటి కూడా ఉండకూడదు. అటువంటి వెడల్పాటి ముక్క దొరకకపోతే మూడు సన్నని పట్టీలు తీసుకుని, మధ్య పట్టీని తల్లకిందులుగా తిప్పి అతికించండి. ఒకటి వంగాలని చూసే దిశకు మరొకటి ఎదురు నిలుస్తుంది. టేకులో సహజంగానే నూనె ఉంటుంది కనుక జిగురు పూసే ముందు అతుకు ముఖాలను అసిటోన్‌తో తుడవడం మరవకండి.

ఆరిన కలప అని అమ్మినవారు చెప్పిన మాటను నమ్మి నేను ఒక దండిని పోగొట్టుకున్నాను. వానాకాలంలో చిత్రిక పట్టినప్పుడు అద్దంలా ఉన్న దండి, మే నెల వచ్చేసరికి తాడులా మెలితిరిగింది. వంపు అయితే దండి లోపల ఉండి మరతో బిగిసే ఇనుప కడ్డీతో (ట్రస్ రాడ్) సరిచేయవచ్చు గాని మెలికకు మందు లేదు. అప్పటి నుంచి పలకను కావలసిన కొలత కంటే కాస్త లావుగా కోయించి, గాలి ఆడే గదిలో పట్టీల మీద పేర్చి, వారానికొకసారి తూకం వేసి బరువు రాసుకుంటున్నాను. వరుసగా నాలుగైదు వారాలు బరువు మారకపోతేనే దానిని ముట్టుకుంటాను. వంటింటి తూకమే దీనికి చాలు.

ఇక దండి పని. ముందుగా పైముఖాన్ని, ఒక అంచును చిత్రికతో ఖచ్చితంగా చదును చేసి, నడుమ గీత ఒకటి గీయండి. ఆ గీత చివరిదాకా చెరగకూడదు. ప్రతి కొలతా దాని నుంచే పుడుతుంది. నట్టు దగ్గర వెడల్పు 41 మిల్లీమీటర్లు, ఒంటికి బిగించే కొస అయిన మడమ దగ్గర సుమారు 63. మెట్ల పలకతో కలిపి మందం మొదటి మెట్టు దగ్గర 21 లేదా 22, మడమ దగ్గర 25 చొప్పున ఉంటే సగటు చేతికి సుఖంగా ఉంటుంది. ఇనుప కడ్డీకి గాడి తీసేటప్పుడు పుస్తకంలోని కొలత కాక, కొన్న కడ్డీని కొలిచి తీయండి. కడ్డీ వేలితో నొక్కితే దిగాలి, ఊపితే కదలకూడదు. వదులుగా ఉన్న కడ్డీ కొన్ని స్వరాల దగ్గర లోపల గిలకలా మోగుతుంది, పలక అతికించాక దానిని బయటికి తీసే దారి ఉండదు. బిరడలు ఉండే తల భాగాన్ని ఈ పద్ధతిలో వెనక్కు వంచనక్కరలేదు. పలక మట్టం కంటే కిందికి దించి 14 లేదా 15 మిల్లీమీటర్ల మందానికి చెక్కితే సరిపోతుంది.

మెట్ల గాడులే ఈ మొత్తం పనికి గుండెకాయ. వీణకు మేళం కట్టే పనివారు మైనం మీద మెట్టును చెవితో జరిపి జరిపి స్థానం తేలుస్తారు. మనకు ఆ వెసులుబాటు లేదు. ఒకసారి రంపం దిగిందంటే స్థానం శాశ్వతం. లెక్క మాత్రం సులువే. మిగిలిన తీగ పొడవును 17.817తో భాగిస్తే తరువాతి మెట్టు దూరం వస్తుంది. ఆ ప్రకారం నట్టు నుంచి మొదటి మెట్టు 48.47 మిల్లీమీటర్లు, అయిదవది 216.63, ఏడవది 287.22, పన్నెండవది సరిగ్గా సగం, అంటే 431.80, ఇరవయ్యవది 591.58. దూరాలన్నింటినీ నట్టు నుంచే కొలవాలి. నా మొదటి పలక మీద ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకు కొలుచుకుంటూ పోయాను. ఒక్కో చోట 0.2 మిల్లీమీటర్లు పెరిగితే కంటికి కనబడదు గాని, ఇరవయ్యవ మెట్టుకు అది 4 మిల్లీమీటర్లయింది. అక్కడ రెండు మెట్ల మధ్య ఎడమే 16 మిల్లీమీటర్లు. అంటే అరస్వరంలో పావు వంతు అపశ్రుతి. ఆ పలకను ఇప్పటికీ గోడకు తగిలించి ఉంచుకున్నాను.

కొలతకు టేపు వద్దు, దాని కొక్కెం కదులుతుంది. ఒక మీటరు పొడవున్న ఉక్కు స్కేలును పలకకు టేపుతో అంటించి, పెన్సిలుకు బదులు పదునైన కత్తి మొనతో గుర్తు పెట్టండి. తరువాత మూలమట్టాన్ని ఆ గుర్తుకు ఆనించి అడ్డంగా కత్తి గీత లాగండి. ఆ గీతలో రంపం దానంతట అదే కూర్చుంటుంది. రంపం పళ్ల వెడల్పు మెట్టు తీగ, అంటే మెట్టుగా కూర్చునే లోహపు తీగ, గాడిలోకి దిగే అడుగు పట్టీకి సరిపోవాలి, సాధారణంగా 0.58 మిల్లీమీటర్లు వాడతారు. మొదటి నాలుగు కోతలు వెనక్కు లాగుతూ, బరువు వేయకుండా వేయండి. ఇరుగుడు ధూళి ఊదారంగులో పైకి వస్తుంటే రంపం చప్పుడు బొంగురు నుంచి సన్నగా మారుతుంది. గాడి కుదిరిందనడానికి అదే గుర్తు. ఈ ధూళి ఊపిరితిత్తులకు, చర్మానికి మంచిది కాదు కనుక మాస్కు తప్పనిసరి.

పలకను దండికి అతికించేటప్పుడు జిగురు తడికి అది అటూ ఇటూ జారుతుంది. నట్టు వైపు ఒకటి, చివరన ఒకటి సన్నని మేకులను మెట్ల గాడులలో ముందే దించి పెట్టుకుంటే జారదు. ఒక రోజంతా క్లాంపులలో వదిలేయండి. ఆ తరువాత పలక పైభాగాన్ని 241 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గల దిమ్మతో గుండ్రంగా అరగదీసి, మెట్టు తీగను అంతకంటే కాస్త ఎక్కువ వంచి, కొసల నుంచి మధ్యకు సుత్తితో దించాలి. అన్నీ దిగాక, చదునైన లోహపు పట్టీకి సాండ్ పేపర్ అంటించి మెట్ల తలలపై స్కెచ్ పెన్ను సిరా పూసి నెమ్మదిగా రుద్దండి. ప్రతి తలపైనా సిరా పోయేదాకా రుద్దితే మట్టం కుదిరినట్టే. చివరగా ప్రత్యేకమైన ఆకురాయితో తలలకు గుండ్రదనం తిరిగి తేవాలి. హైదరాబాదు వంటి చోట ఎండాకాలపు పొడికి పలక కుంచించుకుపోయి మెట్ల కొసలు అరచేతికి గీసుకుంటాయి. కొసలను మొదటే రవ్వంత లోపలికి, నున్నగా అరగదీయడం మేలు.

దండి వెనుక వైపు గుండ్రదనాన్ని నేను పూర్తిగా చేతితోనే తెస్తాను. ముందు మొదటి మెట్టు దగ్గర ఒకటి, పన్నెండవ మెట్టు దగ్గర ఒకటి సరైన వంపును చెక్కి, ఆ రెండింటినీ కలుపుతూ మధ్య భాగాన్ని తీస్తాను. కంటి కంటే అరచేయి ఎక్కువ పట్టుకుంటుంది. కళ్లు మూసుకుని నిమిరితే ఎక్కడ మిట్టగా ఉందో తెలిసిపోతుంది.

ఒంటికి 45 మిల్లీమీటర్ల మందపు పలక చాలు. ఆకారాన్ని ప్లైవుడ్ అచ్చుగా చేసుకుని, రూటర్ అనే కలప చెక్కే యంత్రాన్ని బేరింగు ఉన్న బిట్టుతో తిప్పితే అంచులు ఒకేలా వస్తాయి. ఒక్కసారికి 4 మిల్లీమీటర్లకు మించి లోతు పోవద్దు, నారకు ఎదురుగా తిరిగే చోట పెచ్చు లేవకుండా మరింత నిదానించండి. ఒంటి పనిలో నిజంగా జాగ్రత్త అవసరమైనది దండి కూర్చునే గుంట ఒక్కటే. దాని లోతు 16 మిల్లీమీటర్లు. స్క్రూలు లేకుండా దండిని గుంటలోకి దించి, దండి పట్టుకుని ఎత్తితే ఒళ్లు కూడా దానితో పాటు లేవాలి. అంత బిగువు రాకపోతే పక్కలకు సన్నని కలప పొర అతికించి మళ్లీ తీయండి. స్క్రూలకు ముందే రంధ్రాలు వేసి, మరలకు కాస్త సబ్బు పూస్తే టేకు చీలదు.

బ్రిడ్జి స్థానం గుర్తించడానికి నూలు దారాన్ని మించిన పనిముట్టు లేదు. బిరడల నుంచి నట్టు మీదుగా బ్రిడ్జి దాకా రెండు అంచు తీగల దారిలో దారం లాగి కట్టండి. పలక అంచుకూ దారానికీ మధ్య ఎడం రెండు వైపులా సమానమయ్యేదాకా బ్రిడ్జిని పక్కకు జరపండి. పొడవు విషయంలో, సన్నని జి తీగ ఆనే ముక్కను దాని మర దారిలో దాదాపు ముందు కొసకు తెచ్చి, అది నట్టు నుంచి 864 మిల్లీమీటర్ల దగ్గర ఉండేట్టు బ్రిడ్జిని నిలపండి. లావు తీగలకు మరింత పొడవు అవసరం కాబట్టి వెనక్కు జరిపే చోటు మిగలాలి. రంధ్రాలు వేయకముందే ఒక పొడవాటి స్కేలును మెట్ల మీద పడుకోబెట్టి దాని కొస బ్రిడ్జి దగ్గర ఎంత ఎత్తున తేలుతుందో చూడండి. తీగ ఆనే ముక్కల కనిష్ఠ ఎత్తు కంటే అది తక్కువగా ఉంటే తీగలను ఎన్నటికీ కిందికి దించలేరు. గుంట లోతును అప్పుడే సరిచేసుకోవాలి.

విద్యుత్ భాగం భయపడినంత కష్టం కాదు. తీగల కదలికను విద్యుత్తుగా మార్చే పికప్‌లలో ఫెండర్ 1957లో తెచ్చిన రెండు ముక్కలది నాకు ఇష్టం. దాని రెండు చుట్టలు ఎదురెదురుగా పనిచేసి, మన ఇళ్లలోని 50 హెర్ట్జ్ కరెంటు గుంయిమని చేసే రొదను ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. ధ్వనిని, టోన్‌ను తిప్పి మార్చే 250 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్లు రెండు, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, ఒక జాక్ చాలు. కెపాసిటర్ వంటి చిల్లర సామాను హైదరాబాదులోనైతే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. గుంటల లోపల రాగి రేకు అంటించి, దానిని, బ్రిడ్జిని కూడా ఎర్త్ తీగకు కలపండి. తీగలను తాకినప్పుడు రొద తగ్గితే ఎర్త్ సరిగా ఉన్నట్టు.

పైపూతగా మొదటి వాద్యానికి లక్క పాలిష్ గాని, నూనె గాని చాలు. వాన పట్టిన రోజుల్లో లక్క పూయకండి. గాలిలోని తేమకు తెల్లబారుతుంది.

తీగలు ఎక్కించాక ఇ, ఎ, డి, జి స్వరాలకు, అంటే లావు తీగ 41.2 హెర్ట్జ్ నుంచి సన్న తీగ 98 హెర్ట్జ్ దాకా, శ్రుతి చేసి ఒక రాత్రి అలాగే వదిలేయండి. మరునాడు మొదటి మెట్టును, చివరి మెట్టును ఒకేసారి నొక్కి, ఎనిమిదవ మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య 0.3 మిల్లీమీటర్ల ఎడం ఉండేలా కడ్డీని పావు మర చొప్పున తిప్పండి. పన్నెండవ మెట్టు దగ్గర తీగ ఎత్తు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు ఉంచండి. ఆపైన ప్రతి తీగనూ పన్నెండవ మెట్టు మీద వేలు తాకించి వదిలిన స్వరంతోను, అక్కడే నొక్కి మీటిన స్వరంతోను పోల్చాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే ఆ తీగ ముక్కను వెనక్కు, తగ్గుగా ఉంటే ముందుకు జరపండి. కొత్త దండి మొదటి రెండు మూడు నెలలు తీగల లాగుడుకు అలవాటు పడుతూ కొద్దిగా కదులుతుంది కాబట్టి, కడ్డీ తిప్పే తాళంచెవిని బేస్ సంచిలోనే ఉంచుకోండి.