కుళాయిల మీది తెల్ల పొర ఇలా వదిలింది

మాది బోరు నీళ్లు. బాత్రూమ్‌లో కుళాయిలు, షవర్, బకెట్లు అన్నిటి మీదా తెల్లటి పొర పేరుకుపోయింది. సబ్బుతో ఎంత రుద్దినా కదల్లేదు. కదలదు కూడా. అది మురికి కాదు, నీళ్లలోని కాల్షియం గట్టిపడి అంటుకున్న సున్నం. దాన్ని కరిగించేది పులుపే.

పాత నూలు గుడ్డని తెల్ల వెనిగర్‌లో తడిపి కుళాయికి చుట్టి, అరగంట వదిలేశాను. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పొడిపొడిగా రాలింది. షవర్‌కైతే ప్లాస్టిక్ కవర్లో వెనిగర్ పోసి, మూతి మునిగేలా రబ్బరు బ్యాండ్‌తో కట్టాను. మూసుకుపోయిన రంధ్రాలన్నీ తెరుచుకున్నాయి. బకెట్లకి పులిహోర చేశాక మిగిలిన నిమ్మచెక్కలే సరిపోయాయి.

చాలామంది వెనిగర్‌లో వంటసోడా కలిపేస్తారు. నురగ చూడ్డానికి బాగుంటుంది గానీ, రెండిటి బలమూ పోతుంది. నేను సోడాని విడిగా కాసిన్ని నీళ్లతో ముద్దలా చేసి, టైల్స్ సందుల్లోని జిడ్డుకి వాడాను.

పాలరాయి, కడప బండల మీద మాత్రం పులుపు పడనివ్వకండి, రాయినే తినేస్తుంది. ఇక బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోట వెనిగర్ వద్దే వద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది. వెనిగర్ వాసన గంటలో పోతుంది, కిటికీ తెరిచి ఉంచితే చాలు.